విద్యుత్ మీటర్ల స్వయంచాలిత పఠనము

గృహములకును, కర్మాగారములకును, పొలములలోని మోటార్లకును సరఫరా యగు విద్యుత్తును కొలిచెడి మీటరునందలి అంకెలను, మనుష్యుడెవ్వడును గుమ్మము త్రొక్కి చూచి వ్రాసికొన నక్కరలేకయే, రేడియో తరంగముల మూలముననో, టెలిఫోను సంబంధము మూలముననో, విద్యుత్తును మోసికొనివచ్చు తీగెల మూలముననో పంపిణీ సంస్థ కార్యాలయమునకు చేరవేయు పద్ధతికి స్వయంచాలిత మీటరు పఠనమని పేరు. మీటరు తన అంకెను పంపుట మాత్రమే చేసినచో అది ఏకముఖ విధానము. కార్యాలయమునుండి ఆజ్ఞలను గ్రహించి సరఫరాను నిలుపుటకును, తిరిగి యిచ్చుటకును, వేళనుబట్టి మారు ధరలను పాటించుటకును సమర్థమైనచో అది ద్విముఖ విధానము. నేడు మన ఊళ్లలో స్మార్టు మీటరని వ్యవహరింపబడుచున్నది ఈ రెండవది. దీనిని ఒక దేశమున సామాన్య గృహములన్నిటి స్థాయిలో మొట్టమొదట అమలుపరచినది ఇటలీ దేశపు ఎనెల్ సంస్థ. తరువాత ఈ మార్గము త్రొక్కిన దేశములు ఆ యనుభవమును చూచి నేర్చుకొనినవే గనుక, ఈ వ్యాసమున ఆ ఉదాహరణమునకు అధిక స్థాన మొసంగబడినది.

మీటరు చరిత్రను కొంత యెఱుగనిదే ఈ మార్పు యొక్క స్వరూపము బోధపడదు. 1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమందలి పెర్ల్ వీధి విద్యుత్కేంద్రమునుండి థామస్ ఎడిసన్ దీపములకు విద్యుత్తు నొసంగ నారంభించెను. ఎవ్వరెంత వాడిరో కొలుచుటకు ఆయన యేర్పరచినది రసాయనిక మీటరు. గాజుపాత్రలో జింకు సల్ఫేటు ద్రావణమును పోసి, అందు రెండు జింకు పలకలను వ్రేలాడదీసి, ఇంటికి పోవు ప్రవాహమున స్వల్పాంశమును ఆ ద్రావణముగుండ నడపినచో, ఒక పలకనుండి జింకు కరగి రెండవ పలకపై పేరుకొనును. నెలకొకమారు సంస్థ ఉద్యోగి వచ్చి పలకలను కొనిపోయి, కడిగి, ఆరబెట్టి, త్రాసులో తూచి, బరువులోని భేదమునుబట్టి వాడుకను గణించెడివాడు. శీతకాలమున ద్రావణము గడ్డకట్టకుండుటకై పెట్టెలో నొక దీపమును గూడ అమర్చెడివారు. సిద్ధాంతదృష్ట్యా ఈ పద్ధతి నిర్దుష్టమే; కాని వ్యవహారమున నొక్క లోపము మిక్కిలి పెద్దది. డబ్బు చెల్లించువానికి తానెంత వాడెనో తన కన్నులతో చూచుకొను నుపాయమే లేదు. తూకము సంస్థవారిది, లెక్కయు సంస్థవారిదే.

ఆ లోపమును తీర్చినది చక్రపు మీటరు. ట్యూరిన్ నగరమున ఆచార్యుడుగ నుండిన గలీలియో ఫెరారిస్ 1885లో పరిభ్రమించు అయస్కాంత క్షేత్రమును కనుగొనెను. 1888లో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థకు చెందిన ఆలివర్ షాలెన్‌బర్గరు ఏకాంతర ప్రవాహమునకు తగిన మీటరును నిర్మించెను. ఆ మరుసటి యేడు బుడాపెస్టునందలి గాంజ్ కర్మాగారమున పనిచేయుచుండిన ఓట్టో బ్లాతి మరింత ప్రయోజనకరమైన రూపమును సిద్ధపరచెను. వీరి కృషి ఫలితముగ వెలసిన మీటరులో, వోల్టేజికి లోబడిన తీగచుట్ట యొకటియు, ప్రవాహమునకు లోబడిన తీగచుట్ట యొకటియు కలసి అల్యూమినియము చక్రమును త్రిప్పును. శాశ్వతాయస్కాంత మొకటి దానిని తగినంత నిరోధించును. అందువలన చక్రము యొక్క వేగము వాడబడుచున్న శక్తికి అనులోమముగ నుండును. చక్రమునకు తగిలించిన పండ్లచక్రములు అంకెలను జరుపును. వేయి వాట్ల శక్తిని ఒక గంటసేపు వాడినచో ఒక యూనిటు. ఇల్లాలు దీపమార్పినచో చక్రము నెమ్మదించుటయు, ఇస్త్రీపెట్టె పెట్టినచో వడిగా తిరుగుటయు గోడమీదనే కనబడుచుండెను. సుమారు నూరు సంవత్సరములపాటు ప్రపంచమంతట ఈ చక్రము తిరుగుచునే యుండెను. ఆ దీర్ఘకాలమునకు కారణము దాని యంత్రనైపుణ్యము మాత్రమే కాదని, ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే అంకెను చూడగలుగుట గూడ ప్రధాన కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

అయితే ఆ అంకెను తెచ్చుట యెట్లు? మనుష్యుడు పోవలసినదే. నగరములలో మీటరు రీడరులు వీధులవారీగ దినమునకు వందలకొలది యిండ్లు తిరిగెడివారు. తాళము వేసిన యిండ్లు, కుక్కలున్న యిండ్లు, అటకలమీదను నేలమాళిగలలోను దాగిన మీటర్లు వారికి నిత్యబాధలు. లోనికి పోవ వీలుకానప్పుడు గత నెలల సగటునుబట్టి బిల్లు వేయుటయు, తరువాత నిజమైన రీడింగు దొరకినప్పుడు ఎక్కువతక్కువలు సరిచేయుటయు సర్వదేశములందును ఆచారమయ్యెను. తెలుగునాట చేతియంత్రముతో ఇంటివద్దనే చీటీ ముద్రించి యిచ్చెడి స్పాట్ బిల్లింగు పద్ధతి వచ్చిన పిదప ఈ చిక్కు కొంత తగ్గినది. పరారుణ కిరణముల ద్వారమున్న మీటర్ల యెదుట చేతియంత్రము నుంచినచో అంకె దానంతట నదియే యెక్కునట్లు చేసిన తరువాత వ్రాతపొరపాట్లును తగ్గినవి. అయినను ఒక బాధ మిగిలినది. మన రాష్ట్రములలో వాడుక పెరిగినకొలది యూనిటు ధర పెరుగు శ్లాబు పద్ధతి యున్నందున, రీడరు నాలుగైదు దినములు ఆలస్యముగ వచ్చినచో నెల యూనిట్లు పరిమితిని దాటి పై శ్లాబులో పడు భయము ప్రతి యింటను కలదు. దినసంఖ్యనుబట్టి శ్లాబును సర్దనిచో, ఉద్యోగి యొక్క ఆలస్యమునకు వినియోగదారుడు మూల్యము చెల్లించిన ట్లగును. మీటరు తానే ప్రతి నెలయు నియమితమైన క్షణమున అంకెను పంపినచో ఈ యన్యాయము సమూలముగ తొలగును. స్వయంచాలిత పఠనమువలన సామాన్యునకు గలుగు లాభములలో దీనినే మొదట చెప్పవలెను.

దూరమునుండి మీటరు చదువు ప్రయత్నములకు ఆద్యులలో నొకడు గ్రీకు దేశస్థుడగు థియొడోర్ పరాస్కెవకోస్. టెలిఫోను పిలుచువాని సంఖ్యను గుర్తించు సాధనముమీద పనిచేయుచు, అదే సూత్రమును మీటర్లకు అన్వయించి, 1970లలో అమెరికాలో పేటెంటు పొంది, 1977లో మెట్రిటెక్ అను సంస్థను స్థాపించెను. తరువాతి దశాబ్దములలో రేడియో మార్గము ప్రబలెను. మొదట రీడరు వీధిలో నడచుచునే చేతియంత్రముతో మీటర్ల సంకేతములను గ్రహించెడివాడు. పిదప సంస్థ వాహనము వీధివెంట పోవుచుండగానే యిరుప్రక్కల యిండ్ల అంకెలను గ్రహించుట మొదలయ్యెను. ఆపైన స్తంభములపై స్థిరముగ నమర్చిన గ్రాహకములు వాహనమును గూడ అనావశ్యకము చేసినవి. విద్యుత్తీగెలమీదనే సంకేతములను పంపు మార్గము దీనికి సమాంతరముగ వృద్ధిపొందెను. తీగె ఎట్లును ప్రతి యింటికి ఉండియే యున్నది గనుక వేరు దారి వేయ బనిలేదు. కాని ఆ తీగెమీద మోటార్లు, దీపములు, చార్జర్లు పుట్టించు విద్యుత్కోలాహలము నడుమ చిన్న సంకేతమును చెడకుండ నడపుట సులభసాధ్యము కాదు.

ఆ కష్టసాధ్యమైన మార్గమునే ఎనెల్ ఎన్నుకొనెను. 1962లో ఇటలీ ప్రభుత్వము విద్యుత్ పరిశ్రమను జాతీయము చేసి స్థాపించిన ఆ సంస్థకు, 1999లో వచ్చిన చట్టముతో ఏకస్వామ్యము సడలి, అదే సంవత్సరమున వాటాలు ప్రజలకు విక్రయింపబడెను. వ్యయమును తగ్గించుకొను నవసరము, వినియోగదారుల నాకర్షించు నవసరము, రెండును ఒక్కసారిగ వచ్చిపడినవి. ఇటలీలో బిల్లులు చిరకాలముగ అంచనాలపై నడచుచు, తరువాతి సర్దుబాటు బిల్లులు ప్రజలకు కంటకముగ నుండెను. అంతేకాక అచ్చట సామాన్య గృహమునకు ఒప్పందము 3 కిలోవాట్లకు మాత్రమే. దానిని పెంచుకొనవలెనన్నను, ఇల్లు మారినవారి పేరిట సరఫరా తెరవవలెనన్నను, మూయవలెనన్నను ప్రతి పనికిని పనివాడు స్వయముగ పోవలసియుండెను. టెలిజెస్టోరె అను పేర ఆరంభింపబడిన ప్రణాళిక ఈ పనులన్నిటిని ఒకే దెబ్బతో కార్యాలయమునుండి చేయవలెనను సంకల్పముతో పుట్టినది. 2001 నుండి 2006 వరకు సుమారు 3 కోట్ల మీటర్లు మార్చబడినవి. అయిన వ్యయము 210 కోట్ల యూరోలు, అనగా మీటరునకు సుమారు 70 యూరోలు. ఏటేట 50 కోట్ల యూరోల వరకు మిగులుచున్నదని సంస్థ ప్రకటించెను. ఆ లెక్కనుబట్టి పెట్టుబడి నాలుగైదేండ్లలోనే తిరిగివచ్చినట్లు. ఇంత శీఘ్రముగ ఫలించుటకు కారణము, సంస్థ మీటరును బజారులో కొనక తనకు వలసిన పనులన్నిటిని ముందుగ నిశ్చయించుకొని తానే రూపొందించి చేయించుకొనుటయే. మీటరు, స్విచ్చు, సంకేతసాధనము మూడును ఒకే పెట్టెలో నుండునట్లు చేయుటవలన ఒక్కసారి గోడకు తగిలించిన పిదప మరల పోవ బనిలేకపోయెను. సంకేతముల వ్యవస్థలో అమెరికాకు చెందిన ఎషెలాన్ సంస్థ తోడ్పడెను.

దీని నిర్మాణము సరళమైనది. మీటరు తన అంకెను తక్కువ వోల్టేజి తీగెలమీదుగ, వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు గదియందున్న సంగ్రాహకమునకు చేర్చును. ట్రాన్స్‌ఫార్మరును దాటి పై వోల్టేజి తీగెలలోనికి ఆ సంకేతము సులభముగ పోజాలదు గనుక ప్రతి ట్రాన్స్‌ఫార్మరు వద్దను ఒక సంగ్రాహక ముండితీరవలెను. అది తన క్రిందనున్న మీటర్లన్నిటి అంకెలను ప్రోగుచేసి సెల్‌ఫోను మార్గమున కేంద్రమునకు పంపును. ఈ యమరికలో నొక విశేష ప్రయోజనము దాగియున్నది. ట్రాన్స్‌ఫార్మరునుండి వెలువడిన మొత్తమును, దానిక్రింది యిండ్ల మీటర్ల మొత్తమును ఒకే కాలమునకు పోల్చిచూచినచో, ఏ వీధిలో తీగె తగిలించి విద్యుత్తును దొంగిలించుచున్నారో, ఏ వీధిలో మీటరు చెడియున్నదో ఊహతో పనిలేకుండ తెలియును. నెల పొడుగున వేరువేరు దినములలో తీసిన రీడింగులతో ఈ పోలిక సాధ్యము కాదు. కాలైక్యము గల అంకెలు కావలెను.

ప్రజలకు ఈ మార్పు ఎట్లుండెను? కొత్త మీటరు 3 కిలోవాట్ల యొప్పందముపై పదింట నొకవంతు, అనగా 3.3 కిలోవాట్ల వరకు నిరాటంకముగ నిచ్చి, అంతకు మించినచో కొంతసేపు సహించి, పిదప సరఫరాను నిలిపివేయును. బట్టలుతుకు యంత్రమును, పొయ్యిని ఒకేసారి వాడు గృహిణులు మొదట చికాకుపడినను, దూరమునుండియే ఒప్పందమును పెంచు సౌకర్య ముండుటచే క్రమముగ అలవాటుపడిరి. బకాయిపడినవారి విషయమున మాత్రము ఇటలీ అనుసరించిన రీతి మిక్కిలి శ్లాఘనీయము. సరఫరాను వెంటనే నిలిపివేయక, ముందుగ ఒప్పందశక్తిలో 15 శాతమునకు తగ్గించి కొన్ని దినములు ఉంచెదరు; అనగా దీపములు వెలుగును, చిన్న వస్తువులు పనిచేయును, పెద్ద యంత్రములు మాత్రము నడువవు. అప్పటికిని చెల్లింపనిచో పిదప నిలిపివేయుదురు. పాత మీటరుతో అసాధ్యమైన ఈ మెత్తదనమును కొత్త యంత్రము సాధ్యము చేసినది. బీదవాని యింట చీకటి చేయుటకు ముందు ఒక మెట్టుండవలెనని నియమమే యేర్పరచుట యంత్రముకంటె విలువైన విషయము.

నియంత్రణాధికారులు 2006లో తక్కిన పంపిణీ సంస్థలన్నియు ఇట్టి మీటర్లనే వాడవలెనని ఆదేశించిరి. 2010 జూలైనుండి పగటికిని రాత్రికిని వేర్వేరు ధరలు గృహములకు విస్తరింపబడెను. కాని రెండు ధరల నడుమ తారతమ్యము స్వల్పమగుటచే ప్రజలు తమ వాడుకను రాత్రికి మార్చుకొనినది కొంచెమే. ధరలో భేదము లేనిది మీటరు మాత్రమే అలవాట్లను మార్చునని తలచుట భ్రమయని దీనివలన తేలినది. 2017 నుండి రెండవ తరము మీటర్లు పెట్టబడుచున్నవి. ఇవి పావుగంటకొకమారు వాడుకను గుర్తించుటయేగాక, వినియోగదారుడు తన యింటిలో నుంచుకొను పరికరమునకు నేరుగ సమాచార మందింపగలవు. ఎడిసన్ కాలమున లేకపోయి, చక్రముతో వచ్చి, తొలితరము యంత్రములతో మరల కొంత మరుగుపడిన ఆ చూపు వినియోగదారునకు ఈ విధముగ తిరిగి లభించినది.

ఇతర దేశముల చరిత్రను సంక్షేపముగ చెప్పవచ్చును. స్వీడన్ ప్రతి గృహమునకును నెలనెల నిజమైన రీడింగు ఉండితీరవలెనని చట్టము చేసి 2009 జూలై నాటికి అమలు జరిపెను. ఫ్రాన్సులో లింకీ అను మీటర్లు సుమారు మూడున్నర కోట్లు పెట్టబడినవి. నెదర్లాండ్సున మాత్రము 2009లో పార్లమెంటు ఎగువసభ, వీటిని నిర్బంధముగ పెట్టుట పౌరుల యేకాంతమునకు భంగమని, బిల్లును త్రోసిపుచ్చెను. ఆ భయము నిరాధారము కాదు. పావుగంటకొకసారి వాడుక తెలిసినచో ఇంటివారు ఎప్పుడు లేచిరి, ఎప్పుడు పరుండిరి, ఊరికి పోయిరా అనునది అంకెలనుబట్టియే గ్రహింపవచ్చును. ఇంకను సూక్ష్మముగ చూచినచో ఏ వస్తువు నడచుచున్నదో గూడ చెప్పవచ్చునని 1980లలోనే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జార్జి హార్ట్ పరిశోధించి చూపెను. అట్లే కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డు ప్రాంతమున 2009లో, కొత్త మీటరు వచ్చినది మొదలు బిల్లులు రెట్టింపైనవని ప్రజలు గగ్గోలు పెట్టిరి. స్వతంత్ర పరీక్షకులు మరుసటి యేడు మీటర్లు సరిగనే యున్నవని తేల్చిరి. ఆ వేసవి తాపము, పెరిగిన ధరలు కారణములని చెప్పుచునే, ఫిర్యాదులను సంస్థ ఆలకించిన తీరు మాత్రము లోపభూయిష్టమని స్పష్టముగ వ్రాసిరి. అయినను మీటరు ఎన్నడును తప్పదని చెప్పుటకు వీలులేదు. నెదర్లాండ్సునందలి ట్వెంటె విశ్వవిద్యాలయమువారు 2017లో ప్రకటించిన ప్రయోగములలో, కాంతి తగ్గించు సాధనములతో కూడిన ఎల్.ఇ.డి. దీపములవంటి వస్తువుల విషయమున కొన్ని ఎలక్ట్రానిక్ మీటర్లు ఉన్నదానికంటె 582 శాతము వరకు ఎక్కువ చూపినవి. ప్రయోగశాలలోని తీవ్ర పరిస్థితులలో వచ్చిన అంకె యిది. ఐనను సందేహించిన వినియోగదారుని మాటను వినకుండ త్రోసివేయరాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

భారతదేశమున 2003 విద్యుచ్ఛట్టము 55వ విభాగము సరియైన మీటరు లేనిదే సరఫరా చేయరాదని విధించెను. 2008లో కేంద్రము చేపట్టిన విద్యుత్ సంస్కరణ పథకముననే ఫీడర్లకును పెద్ద వినియోగదారులకును మోడెములు తగిలించి దూరమునుండి చదువుట ఆరంభమైనది. 2015లో స్మార్టు మీటర్లకు భారతీయ ప్రమాణము వెలువడెను. 2021 జూన్‌లో 3,03,758 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదింపబడిన పునర్వ్యవస్థీకృత పంపిణీరంగ పథకము, 25 కోట్ల ముందుచెల్లింపు స్మార్టు మీటర్లను లక్ష్యముగ నిర్ణయించెను. ఇటలీకిని మనకును గల ప్రధాన భేద మిచ్చటనే యున్నది. అచ్చట సంస్థ తన సొంత ధనముతో, తన సొంత యవసరమునకై మార్పు చేసికొనెను. ఇచ్చట పంపిణీ సంస్థల నష్టములను తగ్గించుట ముఖ్యోద్దేశము, మీటర్లను పెట్టి కొన్ని సంవత్సరములు నడపు బాధ్యత గుత్తేదారులది. ముందుగ డబ్బు కట్టి వాడుకొను పద్ధతిలో నిలువ తరిగినంతనే సరఫరా నిలిచిపోవు ప్రమాద మున్నది గనుక, కూలినాలి చేసికొను కుటుంబములకు ఇటలీవారి 15 శాతపు మెట్టువంటి దొకటి మన నియమములలోను చేర్చుట అత్యావశ్యకమని చెప్పక తప్పదు.

తెలుగుదేశమున ఈ చర్చ గృహములకంటె పొలములవద్దనే తీవ్రమైనది. 2004 నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు అమలులోనుండగా, మోటార్లలో చాలావాటికి మీటర్లు లేకుండెను. వాటి వాడుక అంచనామీదనే లెక్కింపబడుచుండెను. అంచనాలో అసలు వాడుక ఎంత, తీగెలలోని నష్టమెంత, చౌర్యమెంత అనునది విడదీయుట కష్టము. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టు ప్రయోగమును ఆరంభించి, బిల్లు సొమ్మును రైతు ఖాతాలో వేసి సంస్థకు చేరునట్లు చేయదలచెను. తెలంగాణ ప్రభుత్వము అట్టి మీటర్లకు ఆ కాలమున సమ్మతింపలేదు. మీటరు వచ్చిన పిదప నేడు కాకున్న రేపైనను బిల్లు వచ్చునని రైతులు శంకించుట సహజము. ఆ శంక మీటరు యంత్రముమీద కాదు, దానిని పెట్టువారి మాటమీద. కావున ఉచిత సరఫరాకు చట్టబద్ధమైన హామీ యిచ్చిన పిదపనే పొలమునకు మీటరు తీసికొనిపోవుట న్యాయము.

మీటరు రీడరుల సంగతియు విస్మరింపరానిది. మన రాష్ట్రములలో వీరిలో బహుళసంఖ్యాకులు గుత్తపద్ధతిన, చదివిన మీటరునకు ఇంతయని ప్రతిఫలము పొందువారు. అంకె వ్రాయుట వారి పనిలో నొక భాగము మాత్రమే. కాలిన ఫ్యూజును, వ్రేలాడు సర్వీసు తీగెను, తేమ తగిలి షాకు కొట్టు గోడను మొట్టమొదట చూచువారు వారే. ఇంటిలోని ముసలివారికి బిల్లులోని వరుసలను వివరించి చెప్పువారును వారే. రేడియో తరంగము ఈ పనులను చేయజాలదు. వారిని తీగెల తనిఖీకిని, మీటర్ల పరీక్షకును, వినియోగదారుల ఫిర్యాదులను ఇంటివద్దనే విచారించుటకును నియమించుకొనుట సంస్థలకు క్షేమము, కార్మికులకు న్యాయము.

వినియోగదారుల హక్కులకై కేంద్రము 2020 డిసెంబరులో చేసి, 2023లోను 2024లోను సవరించిన నియమములు తెలిసికొనదగినవి. స్మార్టు మీటరును దినమున కొకసారియైనను దూరమునుండి చదివి, ఆ సమాచారమును వినియోగదారునకు అందుబాటులో నుంచవలెను. కొత్త మీటరు నమోదుచేసిన గరిష్ఠశక్తినిబట్టి, అది పెట్టుటకు పూర్వకాలమునకు జరిమానా విధింపరాదు. రీడింగు తన నిజమైన వాడుకకు సరిపోలుట లేదని ఎవరైనను ఫిర్యాదు చేసినచో, సంస్థ అయిదు దినములలోగా రెండవ మీటరును ప్రక్కన నమర్చి, కనీసము మూడు నెలలపాటు రెండింటి అంకెలను పోల్చిచూడవలెను.